క్వింగ్ అంటే రాజా? రాణీనా?

[తెర: నల్లటి స్క్రీన్ మీద ఒకే మాట. క్వింగ్.]

క్వీన్‌నీ కింగ్‌నీ కలిపి కుట్టిన మాట ఇది. క్వీర్ అని, అంటే ఆడ-మగ అనే మామూలు గీతల్లో ఇమడనని, బాహాటంగా చెప్పుకున్న బెర్లిన్ రాపర్ సూకీ 2010లో తన ఆల్బమ్‌కి పెట్టిన పేరు.

మనకి రాపర్ అంటే రాపరే. ఆడైనా మగైనా మాట మారదు. జర్మన్‌లో అలా కుదరదు. మగాడైతే 'డేర్ రాపర్', ఆడమనిషైతే 'డీ రాపరిన్'. చేసే పని పేరు చెప్పుకోవాలన్నా ముందు ఆడో మగో తేల్చాలి. సూకీ యూనివర్సిటీలో భాషాశాస్త్రం, జెండర్ స్టడీస్ చదివింది. మాటల గుట్టు తెలిసిన మనిషి. రాజు కుర్చీ, రాణి కుర్చీ రెండూ వద్దని మూడోది చేయించుకుంది.

[తెర: బెర్లిన్, గ్రాఫిటీ గోడలు.]

అంతకు ముందు ఏళ్లలో జర్మన్ రాప్ ఎలా ఉండేదంటే... 2001లో మొదలైన అగ్రో బెర్లిన్ అనే మ్యూజిక్ లేబుల్ 2009లో మూతపడేదాకా ఊపేసింది. సిడో, బుషిడో అనే రాపర్లు అక్కడే స్టార్లయ్యారు. బ్యాటిల్ రాప్ అంటేనే ఎదుటివాణ్ని తిట్టడం. ఆ తిట్లలో బాగా అరిగిపోయింది 'ష్వూల్'. అసలు అర్థం గే. కానీ కుర్రకారు నోట్లో అది 'చెత్త'కి ఇంకో పేరైపోయింది. హోంవర్క్ ఎక్కువైనా ష్వూలే.

ఇంకొకటి అమెరికన్ రాప్ నుంచి వచ్చిన తోక. ఒకడు ఫ్రెండ్‌తో "నువ్వంటే ప్రాణంరా" అంటాడు. వెంటనే "నో హోమో" అని తగిలిస్తాడు. అంటే, ప్రేమే గానీ ఆ టైపు కాదు, కంగారుపడకు అని! పాపం, ఒక్క మంచి మాట చెప్పడానికి ఎంత టెన్షనో.

సూకీ ఏం చేసింది? 'నో' తీసేసి 'ప్రో' పెట్టింది, అంటే 'మద్దతుగా' అని. 'ప్రో హోమో' అనే పాట అలా వచ్చింది. వాళ్ల తోకనే వాళ్లకి ముడేసింది, నాకు నచ్చింది అదే.

[తెర: ఊదా రంగు నిండిపోతుంది.]

2011 ఆల్బమ్ 'బిచెస్ బుచెస్ డైక్స్ అండ్ డీవాస్'. ఆడవాళ్ల మీదకి విసిరే మాటలన్నీ ఏరి అట్ట మీదే అచ్చేసింది. 2014లో 'లీలా జామ్ట్', అంటే ఊదా వెల్వెట్. జర్మనీలో ఊదా స్త్రీవాదుల రంగు.

2017 తర్వాత సూకీ పేరుతో ఇంకో ఆల్బమ్ రాలేదు. 2019లో సుకీని అని పేరు మార్చుకుని పిల్లల కోసం పాడింది.

[తెర: పిల్లల బొమ్మల అక్షరాల్లో టైటిల్.]

ఆ ఆల్బమ్ పేరు 'ష్మెటర్లింగ్స్‌కాకె'. ష్మెటర్లింగ్ అంటే సీతాకోకచిలుక. కాకె అంటే... మన ఇళ్లలో పసిపిల్లలు అనే 'కక్క'నే!