చివరి పేజీలో అంటించిన చీటీ

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

వారోత్సవాలకి రమ్మని పిలిచినప్పుడు ‘పుస్తకం గొప్పతనం’ మీద మాట్లాడమంటారేమోనని కొంచెం టెన్షన్ పడ్డాను. గ్రంథాలయానికి వచ్చి కూర్చున్నవాళ్ళకి పుస్తకం గొప్పదని చెప్పడం, చెరువు కట్ట మీద నిలబడి నీళ్ళు మంచివని చెప్పడం లాంటిది. లైబ్రేరియన్‌గారు నన్ను ఆ ఇబ్బంది నుంచి తప్పించారు. "మన జిల్లావాళ్ళు రాసిన కొత్త పుస్తకాలు వచ్చినాయి సార్, బల్ల మీద పేరుస్తాను, వాటి గురించి మాట్లాడండి చాలు" అన్నారు.

అందుకే గంట ముందు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. కథల పుస్తకాలున్నాయి. కవిత్వం ఉంది, అది ఎప్పుడూ మిగతావాటి కంటే ఎక్కువే ఉంటుంది. ఒక టీచర్ తన బడి పిల్లల చేత రాయించిన కథలున్నాయి. రిటైరైన గ్రామ ఉద్యోగి ఒకాయన రాసుకున్న సొంతూరి చరిత్ర ఉంది. అన్నీ చదివేశానని అబద్ధం చెప్పను. ప్రతిదాన్నీ తీసుకుని అట్ట చూసి, వెంటనే చివరి పేజీ తిప్పాను. నాకున్న అలవాటు అది. కథ ఎలా ముగిసిందో ముందే చూసేయడానికి కాదు, పుస్తకం ఎవరైనా తీసుకెళ్ళినప్పుడల్లా తేదీ వేసే చీటీ అక్కడ అంటిస్తారు, దాని కోసం. వీటన్నిటికీ చీటీలు తెల్లగా ఉన్నాయి. ఈ వారమే వచ్చిన పుస్తకాలు కదా, ఉంటాయి. అయిదేళ్ళ తర్వాత కూడా అంత తెల్లగానే ఉంటాయేమోనన్నదే నా బెంగ.

ఎందుకో నా సంగతే చెప్తాను. ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఒక కథల పుస్తకం వేశాను. వేశాను అంటే నేనే డబ్బు పెట్టి అచ్చేయించుకున్నాను. మన ఊళ్ళలో రాసేవాళ్ళు చాలామంది చేసేది అదే. సొంత ఖర్చు, అయిదొందల కాపీలు, ఒక ఆవిష్కరణ సభ. సభలో వంద దాకా చేతులు మారాయి. వాటిలో డబ్బిచ్చి కొన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్నేహితులకీ పత్రికలకీ పంచినన్ని పంచాను, మిగిలిన కట్టలు అటకెక్కాయి. ఒక వానాకాలం మిద్దె కారి, అడుగు కట్ట ముద్దయిపోయింది. మా ఆవిడ వాటిని ఒక్కొక్కటే విడదీసి ఎండబెడుతూ, "పోనీ, ఇన్నాళ్ళకి ఈ పేజీలు తిప్పేవాళ్ళు ఒకరు దొరికారు" అంది.

ఆ అయిదొందల్లో ఒక్క కాపీ మాత్రం ఒక శాఖా గ్రంథాలయానికి ఇచ్చాను. నాలుగైదేళ్ళ తర్వాత, ఎవరూ చూడనప్పుడు బీరువా దగ్గరికి పోయి చివరి పేజీ తిప్పాను. నాలుగు తేదీలున్నాయి. ఒకటి నాదే, అచ్చుతప్పులు చూసుకోవాలని తీసుకెళ్ళాను. ఇంకొకటి మా తమ్ముడిది. మిగిలిన ఇద్దరూ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ఇద్దరిలో ఒకరు, నేను ‘వేరుశనగ’ అని రాసిన చోట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన "మనం చెనిక్కాయ అంటాం, నీకు తెలీదా?" అని రాశారు.

తెలీకేం, తెలుసు. మా అమ్మ జన్మలో వేరుశనగ అన్న మాట అనలేదు. అచ్చులో బాగుండదేమోనని నేనే మార్చాను. ఈ సీమలో ఆ పంట మీద బతికినవాళ్ళ కథ రాస్తూ, ఆ పంట పేరే పాఠ్యపుస్తకంలోంచి తెచ్చి పెట్టాను. పత్రికల్లో వచ్చిన రెండు సమీక్షల్లోనూ భాష చక్కగా ఉందనే రాశారు. నా దొంగతనం పట్టింది ఆ పెన్సిలు ఒక్కటే. గ్రంథాలయ పుస్తకం మీద రాయకూడదు, పిల్లలూ, మీరు రాయొద్దు. కానీ ఆ గీత గీసిన మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఆ తర్వాత రాసిన కథల్లో ఎక్కడా నేను వేరుశనగ పండించలేదు.

ఒక ప్రాంతం రచయితకి ఆ ప్రాంతపు పాఠకుడు ఎందుకు కావాలో నాకు అప్పుడు తెలిసింది. స్నేహితుడు మెచ్చుకుంటాడు, బంధువు అసలు చదవడు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్న సమీక్షకుడికి చెనిక్కాయ అన్నా, బుడ్డలన్నా, పల్లీలన్నా తేడా పట్టకపోవచ్చు. మొహమాటం లేని పాఠకుడు, మన మాట తెలిసి మనం మాత్రం తెలియని మనిషి, దొరికే చోటు ఇదొక్కటే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్‌గారు 1931లో చెప్పిన గ్రంథాలయ శాస్త్ర సూత్రాలు అయిదింటిలో మూడోది ‘ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు’. రెండో సూత్రం, అంటే ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, అందరికీ ఇష్టమే. మూడోదే కష్టం. పాఠకుడైతే తన పుస్తకాన్ని వెతుక్కుంటూ నడిచి రాగలడు. పుస్తకానికి కాళ్ళు లేవు కదా.

కాళ్ళు లేని పుస్తకానికి మనవాళ్ళు ఒకప్పుడు పడవ కట్టారు. పాతూరి నాగభూషణంగారు 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. మన సీమలో అన్ని కాలవలు లేవు, అది వేరే బాధ. ఆ గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మాత్రం కర్నూలులో పుట్టినవారే. కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట ఇవాళ ఆ దొర పేరిట గ్రంథాలయం ఉంది, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి సాధించింది. ఆ బంగళాలో బ్రౌన్ పండితులకి జీతాలిచ్చి తాళపత్రాలు వెతికించి, నకళ్ళు రాయించాడు. అప్పటికి వేమన కూడా ఒక ప్రాంతం కవే కదా, జనం నోట తప్ప అచ్చులో లేనివాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ‘మీ వైపు రచయితలెవరున్నారు?’ అని అడిగేవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉంటారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డిగారు ఉపన్యాసాలతో వాదించలేదు. ఊరూరికీ కబురు పంపి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి చేతిలో పెట్టారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాష్టారు తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997లో కథానిలయం మొదలుపెట్టారు. చిన్న పత్రికల్లో వచ్చి, మరుసటి నెలకే పొట్లాలు కట్టుకోవడానికి పోయే కథలన్నీ అక్కడ చేరాయి. ఇద్దరు చేసిందీ ఒకటే. గొప్పదా కాదా అన్నది తర్వాత, ముందు ఉన్నదాన్ని ఒకచోట చేర్చారు.

ఇప్పుడు బల్ల మీదున్న ఊరి చరిత్ర దగ్గరికి వస్తాను. వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. వచనం అంత బాగాలేదు. మొదటి ముప్పై పేజీలు పురాణంతో నింపేశారు. ఆ తర్వాత మాత్రం ఏ బావికి ఏ పేరు, ఏ చెరువు కింద ఎన్ని మళ్ళు పారేవి, ఏ వంక ఎప్పుడు పూడిపోయింది, ఊళ్ళోకి మొదటి కరెంటు స్తంభం ఎవరి ఇంటి ముందు పాతారు అన్నీ ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ కిందట కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు ఊళ్ళు తిరిగి, కరణాల దగ్గర కైఫీయత్తులు, అంటే ఊళ్ళ వివరాలు రాసిన కాగితాలు, సేకరించారు. ఇవాళ ఒక ఊరి పాత సంగతి కావాలంటే పరిశోధకులు వాటినే తిరగేస్తారు. ఆ కరణాలు కూడా గొప్ప శైలికారులేమీ కారు. ఊరు వాళ్ళకి తెలుసు, అంతే.

అలాగని మనవాడు రాశాడు కాబట్టి మంచి పుస్తకం అని నేననను. ముందుమాటలు ఆరు, కథలు తొమ్మిది ఉన్న పుస్తకాలు నాకు తెలుసు. సన్మానం ఫొటోలు ఉన్నన్ని పేజీలు కవిత్వం లేని సంపుటాలూ తెలుసు. అయితే చదవకుండా బాగాలేదనే హక్కు మనకి లేదు. చదివి విసిగిపోతే ఆ విసుగు మీ సొంతం, హాయిగా చెప్పండి.

‘స్థానిక రచయితలు’ అని బోర్డు రాసి వేరే బీరువా పెట్టాలా అని లైబ్రేరియన్‌గారు నన్ను అడిగారు. ఆర్నెల్లు పెట్టండి, తర్వాత తీసేయండి అన్నాను. కొత్తగా వచ్చినప్పుడు అందరి కళ్ళ ముందు ఉండాలి, నిజమే. ఎప్పటికీ అక్కడే ఉంటే అది గౌరవ బీరువా అయిపోతుంది. గౌరవ బీరువాకి తాళం పడుతుంది, తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది, ఆయన సెలవులో ఉంటాడు. కథల పుస్తకం మిగతా తెలుగు కథలతో పాటు, గ్రంథాలయాల్లో తెలుగు సాహిత్యానికి వేసే 894.827 అంకె కిందే ఉండాలి, ఊరి చరిత్ర చరిత్ర అరలో ఉండాలి. పేరున్న రచయిత పుస్తకం కోసం చెయ్యి చాపినవాడికి పక్కనే మనవాడిది తగలాలి.

డబ్బు సంగతి కూడా రెండు ముక్కలు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. మన రాష్ట్రంలో 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యేది అది. వెయ్యి రూపాయల పన్ను మీద 80 రూపాయలు మీరు ఈ గదికి ఇచ్చినట్టే. అదంతా ఎప్పటికప్పుడు ఇక్కడికి చేరుతుందా అన్న గోడు పాతది, ఇవాళ ఎత్తను. ఇచ్చినవాళ్ళు కాబట్టి ఫలానా పుస్తకం తెప్పించమని అడగొచ్చు అన్నదే నేను చెప్పేది. ఏ పుస్తకాలు కొనాలో ఈ కౌంటర్ దగ్గర తేలదు, జిల్లా గ్రంథాలయ సంస్థలోనో ఆ పైనో తేలుతుంది. పాఠకులు ఫలానా పుస్తకం కావాలన్నారని రిజిస్టర్‌లో ఉంటే, ఇక్కడున్నవాళ్ళు పైకి రాయడానికి ఒక ఆధారం ఉంటుంది. నోటితో అడిగి వెళ్ళిపోతే అది గాలిమాటే.

రాసేవాళ్ళు కూడా ఈ సభలో నలుగురైదుగురు కనబడుతున్నారు కాబట్టి వాళ్ళకో మాట. 1954 చట్టం ప్రకారం పుస్తకం అచ్చయిన 30 రోజుల్లో ప్రచురించినవాళ్ళు సొంత ఖర్చుతో నాలుగు గ్రంథాలయాలకి ఒక్కో కాపీ పంపాలి. కోల్‌కతాలో జాతీయ గ్రంథాలయం, చెన్నైలో కన్నెమరా, ముంబైలో ఒకటి, ఢిల్లీలో ఒకటి. మీరే ప్రచురించుకుంటే పంపాల్సింది మీరే. నేను అప్పట్లో పంపలేదు, ఆ సంగతే తెలీదు. పంపిన పుస్తకం అక్కడ భద్రంగా ఉంటుంది. మీ ఊరి గ్రంథాలయానికి ఒకటివ్వమని మాత్రం ఆ చట్టం చెప్పదు, ఆ పని మీరే చేయాలి. ఇచ్చేటప్పుడు మొదటి పేజీలో ‘ఫలానా అధ్యక్షుల వారికి సాదరంగా’ అని రాయకండి. అలా రాస్తే అది ఆయన ఇంటికి పోతుంది. ఏమీ రాయకుండా కౌంటర్‌లో ఇచ్చి, ముద్ర వేసి, రిజిస్టర్‌లో యాక్సెషన్ నంబరు, అంటే పుస్తకం చేరిక నంబరు, ఎక్కించేదాకా అక్కడే కూర్చోండి.

పొద్దున నా పాత పుస్తకం కోసం ఇక్కడి కథల అరలో కూడా వెతికాను. లేదు. పెన్సిలు గీత ఉన్న ఆ కాపీ కూడా ఇప్పుడు ఎక్కడుందో తెలీదు. ఎవరైనా తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదేమో, అలా అనుకుంటే నాకు కొంచెం సంతోషంగానే ఉంది.

బల్ల మీద పుస్తకాలకి నంబర్లు వేయడం అయిపోయిందట, ఇవాళే ఇస్తారు. కార్డు లేనివాళ్ళకి ఫారాలు కౌంటర్ మీద ఉన్నాయి. ఆ ఊరి చరిత్ర మాత్రం నేను ఇందాకే నా పేరున రాయించుకున్నాను, పదిహేను రోజులు ఆగండి.