చేతులు పనిల పడితే మనసు నిమ్మలమైతది

శ్రోతలందరికీ నమస్తే. బతుకమ్మ పేర్చేటోళ్లను ఎప్పుడన్నా పక్కన కూసొని చూసిండ్రా? మా వరంగల్ దిక్కు తాంబాళంల గుమ్మడాకు పరిచి, తంగేడు ఒక వరుస పెట్టి, గునుగు కాడలన్నీ ఒక్క తీరుగ కోసి కొసలకు రంగు అద్ది, నడుమ బోలు లేకుండ ఆకులు కుక్కుకుంట పైకి పేర్చుకుంట పోతరు. ఒక్క వరుస జర ఒంగిందంటే పై వరుస ఆగదు, తప్పు అప్పటికప్పుడే కండ్లకు కనవడ్తది, చెయ్యి అప్పుడే సర్దుతది. ఆ టైంల పిలిస్తే పలుకరు, పొయ్యి మీద చాయ్ పొంగినా సోయి ఉండదు.

ఈ స్థితినే సైకాలజీల ఫ్లో అంటరు. 1960లల చికాగోల మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే పరిశోధకుడు పెయింటింగ్ వేసేటోళ్లను గమనించిండు, వాళ్లు ఆకలి అలసట మర్చి గీస్తుండ్రు, తీరా బొమ్మ పూర్తయినంక దాన్ని పక్కకు పెట్టి ఇంకోటి మొదలువెడ్తుండ్రు. అంటే వాళ్లను పట్టి కూసోవెట్టింది ఆ గీసుడే. ఈ ఫ్లో రావాల్నంటే ఏం చెయ్యాల్నో సాఫ్‌గ తెలవాలె, చేసింది సరిగ్గుందో లేదో వెంటనే కనవడాలె, పని మన చేతనైనదానికంటె ఒక్క పిసరు కష్టంగుండాలె. మరీ అల్కగుంటే విసుగు, మరీ కష్టమైతే గాబరా. రీల్స్ చూసుకుంట రెండు గంటలు పోతయి గని అండ్ల మనం చేసేదేం లేదు, అందుకే లేచినంక మనసు ఇంకా బరువైతది.

ఇగ అసలు ముచ్చట. బొమ్మలు, పాట, ఆట, నాటకం, వీటితోని చేసే థెరపీలల్ల థెరపిస్ట్ పెద్ద పని ఎవలకు ఎంత కష్టమైన పని ఇయ్యాల్నో సరిగ్గ కొలిచి ఇచ్చుడే అని నేను గట్టిగ నమ్ముత. దిగులుతోని ఉన్న మనిషి ముందట తెల్ల కాయితం వెట్టి ఏదన్న గియ్యి అంటే చెయ్యి వణుకుతది, నాకు రాదు అంటడు. గదే మనిషికి చేర్యాల మాస్కు ఒకటి ఇచ్చి, గీతలు ముందే గీసి ఉన్నయి, కండ్లకు నల్లరంగు వెయ్యి చాలు అంటే కుంచె పట్టుకుంటడు. రేపు బుగ్గలకు, ఎల్లుండి మొత్తం మొఖానికి. అగో, ఆ ఎల్లుండి దాకా ఓపిక వట్టుడే థెరపీ, మధ్యల ఎవరన్న వచ్చి అయ్యో రంగు దాటిపోయిందని అన్నరనుకో, మల్ల మొదటికొస్తది.

ఆర్ట్ థెరపీ అనే మాటను 1942ల మొదట వాడింది ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండ్ ఆర్టిస్ట్, టీబీతోని శానటోరియంల, అంటే టీబీ దవాఖానల ఉన్నప్పుడు బొమ్మలేసుకుంటనే ఆయనకు ఊపిరి ఆడింది. 2016ల అమెరికాల డ్రెక్సెల్ యూనివర్సిటీల గిరిజా కైమల్ టీం 39 మందితోని 45 నిమిషాలు ఇష్టమొచ్చినట్టు ఆర్ట్ చేయించింది, నలుగురిల దాదాపు ముగ్గురికి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, బొమ్మలు వచ్చినోళ్లకైనా రానోళ్లకైనా పెద్ద ఫరక్ లేదు. చిన్న స్టడీనే, దానితోనే అంతా తేలిపోయిందని అనలేం గని, నాకు రాదు అని దూరం జరిగేటోళ్లకు ఈ మాట తప్పక చెప్పాలె.

అమ్మలారా, అక్కలారా, ఇంట్ల ఎవరన్న మొఖం వాడ్చుకొని కూసుంటే పొద్దంత అదేంది ఇదేంది అని అడుగకుండ్రి, ఒక పని చేతిల వెట్టుండ్రి, పూలు అందిచ్చుడో, డప్పు మీద సుతారంగ దరువు వేసుడో, ఫోన్ మాత్రం ఇంకో అర్రల ఉండాలె. బాగైందా లేదా అని మార్కులు వెయ్యకుండ్రి. నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు వద్దనిపించేదాకా వస్తే బొమ్మలతోని ఆగకుండ్రి, డాక్టర్ కావాలె. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలి మానస్, నంబర్ 14416, పైసలు పడయి, రాత్రయినా పగలైనా తెలుగులనే మాట్లాడొచ్చు.