ముందు చెవి, తర్వాతే కెమెరా

శ్రోతలకు నమస్కారం.

నలుగురు స్నేహితులు కలిసి, తలా కొంత వేసుకుని సినిమా తీద్దామనుకున్నప్పుడు మాటలన్నీ కెమెరా చుట్టూనే తిరుగుతాయి. ఏ కెమెరా అద్దెకు దొరుకుతుంది, ఏ లెన్సు బాగుంటుంది, డ్రోను ఎవరి దగ్గరుంది? సౌండు సంగతి ఎవరైనా ఎత్తితే, "అది డబ్బింగ్‌లో చూసుకుందాంలే" అని దాటేస్తారు. చిన్న సినిమా చాలాసార్లు చెడేది సరిగ్గా ఆ మాట దగ్గరే. అందుకే ఇవాళ కథనూ నటననూ పక్కన పెట్టి, నాకున్న ఈ కాసేపూ సౌండు గురించే మాట్లాడతాను.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా, వెలుతురు తగ్గినా చూసేవాళ్లు సర్దుకుంటారు. మాట వినపడకపోతే సర్దుకోరు. గదిలో గొంతు గింగిర్లు కొడుతుంటే, ఫ్యాను హోరులో సగం డైలాగు కొట్టుకుపోతుంటే, రెండో నిమిషానికే వేలు పక్క వీడియో మీదికి పోతుంది.

"మరి పెద్ద సినిమాలన్నీ డబ్బింగే కదా?" అని మీరు అడగొచ్చు. నిజమే, తెలుగులో దశాబ్దాలుగా స్థిరపడిన పద్ధతి అది. అయితే అక్కడ చప్పుడు చొరని స్టూడియో ఉంటుంది, పెదవి కదలికకు మాట అతికించడంలో చేయి తిరిగిన డబ్బింగ్ కళాకారులుంటారు, తేడా వస్తే పట్టుకునే ఇంజనీరు ఉంటారు. మీ సినిమాలో వేషం వేసిందెవరు? వీధి చివర టిఫిను బండి నడిపే అక్క. లొకేషన్లో ఆవిడ అట్టు తిరగేస్తూ, ఎవరికో చిల్లర ఇస్తూ, మధ్యలో కాస్త విసుక్కుంటూ డైలాగు చెప్పింది. ఎంత బాగా వచ్చింది! నెల తర్వాత ఆవిణ్ణి తలుపులు మూసిన గదిలో నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్సు తగిలించి, "అక్కా, అదే మాట మళ్లీ చెప్పు" అంటే ఏమవుతుంది? చేతిలో అట్లకాడ లేదు, ఎదుట చిల్లర అడిగే మనిషి లేడు. మాట పాఠం అప్పజెప్పినట్టు వస్తుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. నటన నేర్చుకోని మనిషి దగ్గర ఆ మాట ఆ చోటికి, ఆ నిమిషానికి చెందినది. అక్కడే పట్టుకోవాలి, అప్పుడే పట్టుకోవాలి.

ఈ చిక్కును 1991లో ఒక కుర్రాడు ఎలా విప్పుకున్నాడో చెబుతాను. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. పేరు రాబర్ట్ రోడ్రిగెజ్, వయసు 23, అమెరికాలోని టెక్సస్ వాడు. సరిహద్దు నది దాటగానే మెక్సికో వైపు సియుదాద్ అకున్యా అని ఒక ఊరుంది. స్నేహితుడు కార్లోస్ గయార్దోది ఆ ఊరు. హీరో అతనే, నిర్మాణంలో భాగస్వామీ అతనే. సినిమా పేరు 'ఎల్ మరియాచి'. మొత్తం ఖర్చు ఏడు వేల డాలర్ల పైచిలుకు. అందులో కొంత, రోడ్రిగెజ్ కొత్త మందుల ప్రయోగాలకు తన ఒంటిని అప్పగించి సంపాదించిన డబ్బు. స్పానిష్ వీడియో క్యాసెట్ల మార్కెట్లో అమ్ముకుంటే చాలనుకున్నాడు, థియేటరు ఆలోచనే లేదు.

కథ రాసుకునే ముందే, ఆ ఊళ్లో పైసా ఖర్చు లేకుండా ఏమేం దొరుకుతాయో చూసుకున్నాడు. ఒక బారు, ఒక బస్సు, ఒక కుక్క, ఒక తాబేలు. కథను వాటి చుట్టూ అల్లాడు. ట్రాలీ షాట్లకు చక్రాల కుర్చీలో కూర్చుని కెమెరా పట్టుకున్నాడు. డబ్బులో పెద్ద భాగం ఫిలిం కొనడానికీ, కడిగించడానికీ, వీడియోకి ఎక్కించడానికే పోయింది. కాబట్టి చాలావరకు ఒక్క షాటుకు ఒక్కటే టేకు.

ఇక సౌండు. అరువు తెచ్చిన కెమెరా 16 ఎంఎం యారిఫ్లెక్సు. అది తిరుగుతుంటే మోటారు చప్పుడు. ఆ చప్పుడులో మాట రికార్డు చేయడం కుదరదు. పోనీ ఎలాగో చేసినా, ఆ కెమెరా వేగానికీ టేపు వేగానికీ పొత్తు కుదరదు. అప్పుడేం చేశాడు? షాటు మూగగా తీశాడు. తీయగానే కెమెరా పక్కన పెట్టి, క్యాసెట్ రికార్డరు అందుకుని, మైకు నటుల నోటి దగ్గర పెట్టి, అవే మాటలు మళ్లీ చెప్పించాడు. అక్కడే, అప్పుడే. నటులంతా మామూలు మనుషులు, మాట్లాడినట్టే మాట్లాడతారు. నిమిషం కిందట అన్న మాట కాబట్టి అదే నడకలో, అదే విరుపుతో వచ్చింది. ఎడిటింగులో ఒక్కో ముక్కనూ జరిపి జరిపి పెదవులకు అతికించాడు. కొంతసేపు కలిసేది, తర్వాత జారిపోయేది. జారిన చోటల్లా ఎదుటి మనిషి ముఖానికో, కుక్క ముఖానికో కట్ చేసేవాడు. ఆ సినిమాలో కట్లు అంత చకచకా ఉండడానికి ఇదొక కారణం.

ఆ సినిమాను హాలీవుడ్ స్టూడియో కొలంబియా పిక్చర్స్ కొనుక్కుంది. 1993లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి వచ్చింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. థియేటర్లకు పంపేముందు సౌండు మళ్లీ సరిచేయించడానికీ, థియేటర్లో ఆడే 35 ఎంఎం ప్రింటు తీయించడానికీ ఆ స్టూడియో, సినిమా తీయడానికైనదానికి ఎన్నో రెట్లు ఖర్చుపెట్టింది. ఏడు వేల డాలర్ల మాట ఊరంతా చెప్పుకుంటారు గానీ, ఈ ఖర్చు మాట తక్కువ మంది చెబుతారు. మన వెనుక స్టూడియో ఉండదు కాబట్టి, మనకు కావలసిన సౌండు లొకేషన్లోనే పట్టుకోవాలి.

మీ చేతిలో ఫోను ఉంది. దానికి మోటారు చప్పుడు లేదు. బొమ్మతో పాటే మాట కూడా రికార్డు చేయండి, తప్పకుండా చేయండి. అయినా రోడ్రిగెజ్ పద్ధతి వదలొద్దు. షాటు ఓకే అనుకోగానే ఎవరినీ కదలనీయకుండా, కెమెరా ఆపి, మైకు జానెడు దూరానికి తెచ్చి, ఆ డైలాగులు రెండేసి సార్లు చెప్పించండి. దీన్నే వైల్డ్ ట్రాక్ అంటారు. మూడు నిమిషాల పని. డైలాగు మధ్యలో బయట లారీ హారను కొట్టిందని ఎడిటింగులో తేలినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ మూడు నిమిషాలే.

మైకు ఖరీదు కన్నా మైకు దూరం ముఖ్యం. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే మైకుకు చేరే ధ్వని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న ఫోను గొంతు కన్నా గదినే ఎక్కువ వింటుందన్నమాట. అందుకే బట్టలకు తగిలించుకునే చిన్న కాలర్ మైకు. కొన్ని వందల రూపాయలకే వైరు ఉన్నది దొరుకుతుంది. దాన్ని రెండో ఫోనుకు తగిలించి, ఆ ఫోనును నటుడి జేబులో పెట్టండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవొద్దు. మైకు గడ్డానికి జానెడు కింద, గుండె మీదుగా రావాలి.

ఆడవాళ్లకు పెట్టేటప్పుడు చూసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పట్టుచీర గరగరలాడుతుంది, నూలు చీర అంతగా గరగరలాడదు. నల్లపూసలూ మంగళసూత్రమూ మైకుకు తగిలి టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడు డైలాగు మీదే పడుతుంది, తర్వాత తీసేయడం దాదాపు అసాధ్యం. మందుల షాపులో దొరికే ప్లాస్టరు ముక్కను జిగురు బయటికి వచ్చేలా త్రికోణంగా మడిచి మైకుకు అటొకటి ఇటొకటి అంటిస్తే బట్ట కదలదు, రాపిడి ఉండదు. వైరును కింద ఒక చిన్న చుట్టు చుట్టి అంటిస్తే, లాగినప్పుడు ఆ అదురు మైకు దాకా రాదు. మైకు పెట్టే పని ఒక అమ్మాయికి అప్పగించండి. కొత్తగా నటించేవాళ్లకు ఇబ్బంది ఉండదు.

లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు నిలబడండి. ఏ వేళకు షూటింగు పెట్టుకుంటారో ఆ వేళకే వెళ్లండి. పొద్దున్న ఆరింటికి గుడి మైకు, ఎనిమిదింటికి పక్కింటి మిక్సీ, తర్వాత నీళ్ల మోటారు. ఇవన్నీ కంటికి కనపడవు. గదిలో షూటింగైతే ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళం అందులో పెట్టండి, ఇంటికి బయల్దేరేటప్పుడు తిరిగి ఆన్ చేయడం మరిచిపోరు. గోడలు బోసిగా ఉంటే కెమెరాకు కనపడని వైపు దుప్పట్లు, బొంతలు వేలాడదీయండి. ఎండాకాలంలో ఫ్యాను లేకుండా మనుషులూ తట్టుకోలేరు, ఫోనూ తట్టుకోలేదు. వేడెక్కి రికార్డింగు మధ్యలోనే ఆగిపోతుంది. పొద్దున్న తొమ్మిదింటిలోపు గది సీన్లు ముగించుకోండి, ఫోను కవరు తీసేయండి, చార్జింగు పెట్టి తీయొద్దు.

రికార్డింగు సెట్టింగు ఒకసారి రాసుకోండి. సౌండు 48 కిలోహెర్ట్జ్. గొంతు పెద్దగా పలికినప్పుడు సౌండు లెవెల్ చూపే ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నాను తాకితే గొంతు పగిలిపోతుంది, ఆ పగులు ఇక అతకదు. సౌండును తనంతట తనే పెంచే, తగ్గించే ఆటో లెవెల్ ఆపేయండి. అది మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం రాగానే, దూరాన ఉన్న హోరును పెద్దది చేసి చూపిస్తుంది. ఇక బొమ్మ సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే ట్యూబులైటు, ఎల్‌ఈడీ మినుకులు చాలావరకు బొమ్మలోకి రావు. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని వాటంతట అవే మార్చుకుంటాయి. రెండో ఫోనులో రికార్డు చేసిన మాట పోనుపోను పెదవుల నుంచి జారిపోవడానికి అదొక కారణం. వేగం మారకుండా బిగించే కెమెరా యాప్‌లు ఉన్నాయి, అవి వాడండి. షాటు మొదట్లో కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి, సీను నంబరు, టేకు నంబరు పైకి చెప్పండి. రెండు ఫోన్లలోని ఆ చప్పట్లను కలిపితే బొమ్మకూ మాటకూ సింకు కుదిరినట్టే.

లొకేషన్ వదిలేముందు ఇంకొకటి. అందరినీ ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దంగా ఉంచి, ఒక నిమిషం పాటు ఆ గదిని ఖాళీగా రికార్డు చేయండి. ప్రతి గదికీ తనదైన చిన్న హోరు ఉంటుంది. రెండు డైలాగుల మధ్య ముక్క కత్తిరించినప్పుడు అక్కడ పూర్తి నిశ్శబ్దం వస్తే, సౌండు తెగిపోయిందని చెవి వెంటనే పట్టేస్తుంది. ఆ ఖాళీలో ఈ నిమిషాన్ని పరిస్తే సాఫీగా సాగుతుంది. ఫైళ్లన్నీ ఆ రాత్రికే రెండు చోట్ల దాచండి, ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి స్నేహితుడి ఇంట్లో.

ఇంత కష్టం దేనికంటే, దీని ఫలితం పెద్ద సినిమాకు కూడా సులువుగా అందేది కాదు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' విశాఖపట్నంలోని ఆ పేట మనుషుల్నే చాలా వేషాలకు తీసుకుంది, వాళ్ల మాటల్ని లొకేషన్లోనే రికార్డు చేసింది. ఆ పేట మాట ఆ పేట గొంతుల్లోనే వినపడింది. శ్రీకాకుళం పెద్దాయన "ఏటైనాదిరా" అనడం, కరీంనగర్ అమ్మమ్మ "ఏమైంది బిడ్డా" అనడం, ఆ దీర్ఘం, ఆ విరుపు ఏ స్టూడియోలోనూ తయారు కావు. మీ దగ్గర డబ్బు లేకపోవచ్చు, మీ ఊరి గొంతు మాత్రం మీ దగ్గరే ఉంది. తెర మీద తమ మాట తమకే వినపడినప్పుడు ఊరివాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో చూసినవాళ్లకు, పడ్డ శ్రమ గుర్తుండదు.

చివరి మిక్సింగు గురించి ఒక్క మాట. ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్సు పెట్టుకుని బాగుందనుకుంటే సరిపోదు. మీ సినిమాను ఎక్కువ మంది చూసేది ఫోనులో, అదీ దాని బుల్లి స్పీకరు మీద, పక్కన ఫ్యాను తిరుగుతుండగా. అలాగే పెట్టి, కథ తెలియని ఒకరికి వినిపించండి. "ఏమన్నాడు?" అని వాళ్లు అడిగిన ప్రతి చోటా నేపథ్య సంగీతం తగ్గించండి. అప్పటికీ అర్థం కాకపోతే, వైల్డ్ ట్రాక్ తీసి ఆ మాట మార్చండి. సెలవు, నమస్కారం.