ఎదురొచ్చిన ప్రతి బంతికీ జవాబు: డేవిడ్ ఫెరర్ టెన్నిస్ జీవితం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విచ్చేసిన క్రీడాభిమానులందరికీ నమస్కారం.

స్పెయిన్ టెన్నిస్ అనగానే అందరి మనసులోనూ మెదిలేది రఫేల్ నాదల్ పేరే. ఈ రోజు నేను మాత్రం నాదల్ ఆడిన కాలంలోనే, అతడికి కాస్త పక్కగా నిలబడి పంతొమ్మిదేళ్ల పాటు ఆడిన డేవిడ్ ఫెరర్ గురించి మాట్లాడదలచుకున్నాను. 27 టైటిళ్లు, 734 విజయాలు, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో మూడో స్థానం సాధించిన ఆటగాడిని ‘టెన్నిస్‌లోని నాలుగు అతిపెద్ద పోటీలైన గ్రాండ్‌స్లామ్‌లలో ఒక్కటీ గెలవనివాడు’ అన్న ఒక్క మాటతో పరిచయం చేసి ఊరుకోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

ఫెరర్ 1982 ఏప్రిల్ 2న స్పెయిన్ తూర్పు తీరంలో, అలికాంతే ప్రాంతంలోని హావెయా పట్టణంలో పుట్టాడు. కుర్రతనంలో సాధన మీద విసుగు పుట్టి, రాకెట్ పక్కన పడేసి భవన నిర్మాణ పనికి వెళ్లి, వారం రోజులకే తిరిగి కోర్టుకు వచ్చాడు. సాధన చేయనని మొండికేసినందుకు కోచ్ తనను బంతులు దాచే చీకటి గదిలో పెట్టి తాళం వేశాడని కూడా తర్వాతి రోజుల్లో తానే చెప్పాడు. ఆ పద్ధతిని నేను మెచ్చుకోలేను. పిల్లలకు ఆట నేర్పేవారెవరూ దాన్ని ఆదర్శంగా తీసుకోకూడదు. ఆ కుర్రవాడు బరువైన పని రుచి చూసి, తన ఇష్టం ఎక్కడుందో తెలుసుకుని, తనంతట తానే వెనక్కి రావడమే నాకు ముఖ్యంగా తోస్తుంది.

అతడి ఎత్తు 175 సెంటీమీటర్లు. ఆరడుగులు దాటినవాళ్లు పైనుంచి దించే సర్వీసులతోనే పాయింట్లు ముగిస్తున్న రోజుల్లో, ఆ ఆయుధం లేని ఫెరర్ తన ఆటనంతా సర్వీసును తిప్పికొట్టడం మీద కట్టుకున్నాడు. ఎదుటివాడి మొదటి దెబ్బను ఎలాగైనా అవతలికి చేర్చడం, ఆపైన చిన్నచిన్న అడుగులతో వేగంగా జరిగి, బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చిన బంతిని కూడా చుట్టి వెళ్లి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టడం, ప్రత్యర్థి కాళ్లు బరువెక్కేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేయడం అతడి విద్య. బంతి నెమ్మదించే ఎర్రమట్టి మీద ఇది బాగా పండుతుంది. అందుకే చాలామంది అతడిని మట్టి కోర్టు ఆటగాడిగానే లెక్కగట్టారు.

ఆ లెక్క తప్పని 2012 నిరూపించింది. ఆ ఏడాది ఫెరర్ మట్టి, పచ్చిక, హార్డ్ కోర్టులు మూడింటి మీదా కలిపి ఏడు టైటిళ్లు గెలిచాడు; పురుషుల టెన్నిస్‌లో ఆ సంవత్సరం అంతకంటే ఎక్కువ గెలిచినవారు లేరు. వాటిలో చివరిది పారిస్ మాస్టర్స్; గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి మెట్టు పోటీలను మాస్టర్స్ అంటారు. ఇండోర్ హార్డ్ కోర్టు మీద, ముప్పై ఏళ్ల వయసులో, యెర్జీ యానోవిచ్‌ను ఓడించి అందుకున్న ఆ టైటిలే అతడి ఏకైక మాస్టర్స్ విజయం.

మరుసటి ఏడాది మయామీ మాస్టర్స్ ఫైనల్ మాత్రం తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఆండీ ముర్రేపై మూడో సెట్‌లో, ఇంకొక్క పాయింటు వస్తే టైటిల్ తనదే అయ్యే మ్యాచ్ పాయింట్ దగ్గర, ముర్రే కొట్టిన బంతి బయటపడిందనుకుని ఫెరర్ ఆట ఆపి సమీక్ష కోరాడు. బంతి గీతను తాకినట్లు తెర మీద తేలింది. ప్రతి బంతినీ వెంటాడి కొట్టడమే వృత్తిధర్మంగా బతికినవాడు ఆ ఒక్క బంతి దగ్గర ఆగాడు, సెట్ సమమైనప్పుడు తేల్చడానికి ఆడే టైబ్రేక్‌లో మ్యాచ్ చేజారింది.

రెండు నెలలకే అతడు ఒక్క సెట్ కూడా కోల్పోకుండా ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చేరాడు. అతడి జీవితంలో అదొక్కటే గ్రాండ్‌స్లామ్ ఫైనల్; ఎదుట నిలిచినవాడు నాదల్. 6-3, 6-2, 6-3 తేడాతో ఫెరర్ ఓడాడు. అయినా మర్నాడు వెలువడిన ర్యాంకింగ్స్‌లో ఓడిన ఫెరర్ నాలుగో స్థానంలో, గెలిచిన నాదల్ ఐదో స్థానంలో ఉన్నారు. నాదల్ గాయంతో నెలల తరబడి ఆటకు దూరం కావడం అందుకు కారణమన్నది నిజమే. ఆ నెలలన్నిటా ఫెరర్ వారం వారం గెలుస్తూ వచ్చాడన్నది కూడా అంతే నిజం.

మన తెలుగువాళ్లకు అతడి ఆట బలం దగ్గరగా తెలిసిన సందర్భం ఒకటుంది. 2016 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ పోటీలో మన సాకేత్ మైనేని అతడిని ఎదుర్కొని, మూడు వరుస సెట్లలో నాలుగే గేములు గెలవగలిగాడు.

డేవిస్ కప్‌లోనే ఫెరర్‌ను అసలు చూడాలంటాను. 2009 ఫైనల్లో చెక్ ఆటగాడు రాదెక్ స్టెపానెక్‌పై మొదటి రెండు సెట్లు ఓడిన తర్వాత గెలిచాడు. 2011 ఫైనల్లో అర్జెంటీనా ఆటగాడు డెల్ పొట్రోను ఐదు సెట్లలో దించాడు. 2018 ఏప్రిల్లో వలెన్సియాలో జర్మనీతో క్వార్టర్ ఫైనల్ జరిగినప్పుడు అతడికి 36 ఏళ్లు నిండి వారం కూడా కాలేదు. చివరి రోజున నాదల్ జ్వెరెవ్‌ను ఓడించి స్కోరును 2-2కు తెచ్చాడు. మిగిలిన ఒక్క మ్యాచ్ ఫెరర్ ఆడాలి. ఎద్దుల పోరు జరిగే ఆవరణలో పరిచిన ఎర్రమట్టి మీద, తన ప్రాంతపు జనం మధ్య, కోల్‌ష్రైబర్‌తో దాదాపు ఐదు గంటలు పోరాడి, ఐదో సెట్‌ను 7-5తో ముగించి, మట్టి మీద వెల్లకిలా పడిపోయాడు. కోర్టు పక్కన నిలబడి చూస్తున్న జట్టులో నాదల్ కూడా ఉన్నాడు.