వెనక్కి కొట్టే బటన్ ఎందుకు తీసేశారు?

అందరికీ నమస్కారం. మ్యాక్ పాతకాపులకి "బౌన్స్" అన్న మాట వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మెయిల్ యాప్‌లో మెసేజ్ మెనూ కింద ఉండేది. అక్కర్లేని మెయిల్ మీద అది నొక్కితే, ఈ చిరునామా పనిచేయడం లేదన్నట్టు పంపినవాళ్ళకి జవాబు వెళ్ళేది. 2011 జులైలో మ్యాక్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ లయన్ వచ్చింది, బౌన్స్ మాయమైంది. దాన్ని తీసేయడం సరైన పనేనని చెబితే కొందరికి కోపం రావచ్చు. కాస్త వినండి.

అసలు బౌన్స్ గుమ్మం దగ్గరే జరిగిపోతుంది. పంపే సర్వరు (మెయిళ్ళు చేరవేసే కంప్యూటర్) మన సర్వరు తలుపు తట్టి ముందు ఎవరి నుంచో, తర్వాత ఎవరికో చెబుతుంది. ఆ రెండో మాట దగ్గరే మన సర్వరు 550 అనే అంకె చెప్పి "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరు" అంటుంది. మెయిల్ లోపలికి రానే రాదు. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచే తిరిగిపోయిన కవరన్నమాట. బౌన్స్ బటన్ చేసింది వేరే పని. కవరు పుచ్చుకుని, చించి, చదివి, మళ్ళీ అంటించి, "ఇంట్లో ఎవరూ లేరు" అని మన చేతిరాతతోనే రాసి డబ్బాలో వేసేది.

స్పామ్‌లో "ఫ్రమ్" దగ్గర కనిపించే చిరునామా చాలాసార్లు దొంగది. అంటే సంబంధం లేని ఎవరో అమాయకుడిది. వందమంది బౌన్స్ నొక్కితే వంద జవాబులూ ఆయన నెత్తిన పడతాయి. దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. ఇలాంటివి పంపే సర్వర్లు బ్లాక్‌లిస్టులకెక్కుతాయి కూడా. పోనీ చిరునామా అసలుదే అనుకుందాం. ఆ జవాబు సర్వరు ఇచ్చింది కాదని, మీ కంప్యూటర్ నుంచే బయల్దేరిందని దాని "రిసీవ్డ్" హెడర్లు (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే వరుసలు) చెప్పేస్తాయి. లేడన్న మనిషి ఉన్నాడని మనమే చాటింపు వేసినట్టు. రోజూ పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పూలబొమ్మలు పంపే దూరపు బాబాయి మీద మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది, ఒప్పుకోవాలి.

మరి ఇప్పుడేం చేయాలి? మీరే ఎప్పుడో నంబరూ మెయిలూ ఇచ్చిన దుకాణమైతే, మెయిల్ పైభాగాన యాప్ చూపించే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ముక్కూమొహం తెలియనివాళ్ళ మెయిల్ లోపలున్న లింకు మాత్రం ముట్టుకోవద్దు. అది నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని రుజువిచ్చినట్టే. అక్కడ రిపోర్ట్ స్పామ్ నొక్కాలి. ఇది ఉత్త బటన్ కాదు. 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000కి పైగా మెయిళ్ళు పంపేవాళ్ళు స్పామ్ ఫిర్యాదుల్ని 0.3 శాతం లోపు ఉంచుకోవాలి. అంటే వెయ్యికి మూడు. అది దాటితే వాళ్ళ మెయిళ్ళు స్పామ్ ఫోల్డరు దారి పట్టే అవకాశం పెరుగుతుంది. బౌన్స్ కంటే గట్టి దెబ్బే.

ఫిల్టర్ల దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. పంపినవాళ్ళ చిరునామా మీద ఫిల్టర్ పెడతారు. వారం తిరక్కుండా అదే కంపెనీ "ఆఫర్స్" పోయి "న్యూస్" అనే కొత్త పేరుతో దిగుతుంది. జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి, "ఫిల్టర్ మెసేజెస్ లైక్ దిస్" ఎంచుకోండి. మెయిలింగ్ లిస్టయితే వెతుకుడు పెట్టెలో లిస్ట్ ఐడీ (ఆ లిస్టుకుండే గుర్తింపు పేరు) దానంతటదే పడుతుంది. పంపేవాళ్ళు పేరు మార్చినా అది అంత తేలిగ్గా మారదు. ఇన్‌బాక్స్‌కి రాకుండా చేసే టిక్కు పెట్టండి. పాతవాటికీ వర్తించే టిక్కు మరిచిపోతే మాత్రం ఇన్నాళ్ళ చెత్త అక్కడే ఉంటుంది. మ్యాక్ మెయిల్‌లో బ్లాక్ సెండర్ ఉంది గానీ, జంక్ మెయిల్ సెట్టింగుల్లో "మూవ్ టు ట్రాష్" ఎంచుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే గుర్తు మాత్రం పడి, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే కూర్చోవచ్చు.

సొంత డొమైన్ (చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) ఉన్నవాళ్ళకి పాత సరదా మళ్ళీ దక్కుతుంది, అదీ నిజాయితీగా. దుకాణానికొక ఏలియాస్, అంటే మీ పెట్టెలోకే చేరే మారుపేరు చిరునామా, చొప్పున పెట్టుకోండి. విసుగొస్తే ఆ ఏలియాస్ తీసేయండి. తర్వాత వాళ్ళు తలుపు తడితే మీ సర్వరే 550 చెబుతుంది. ఒక్క షరతు: క్యాచ్‌ఆల్, అంటే మీ డొమైన్‌లో ఏ పేరుకి మెయిల్ వచ్చినా పుచ్చుకునే ఏర్పాటు, ఆపేసి ఉండాలి. అది తెరిచి ఉంటే, తీసేసిన ఏలియాస్‌కి వచ్చే మెయిల్ కూడా నేరుగా మీ పెట్టెలోకే వచ్చి పడుతుంది.