కార్నియా మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్: నొప్పి లేదు కదా అని ఆగకండి

[తెర మీద: బాగా దగ్గరి నుంచి ఒక కన్ను. నల్లగుడ్డు మీద సన్నని గీతలు.]

ఈ గీతలు చూడండి, సైకిల్ చక్రం పుల్లల్లా పరుచుకున్నాయి. ఇవి కుట్లు. దారం తలవెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరే కార్నియా, దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. పాడైన పొర తీసేసి దాత ఇచ్చిన పొరను ఈ కుట్లతోనే నిలబెడతారు. పూర్తి మందం మార్చిన కంట్లో చాలాసార్లు 16 కుట్లు కనిపిస్తాయి.

చేతికో కాలికో వేసిన కుట్లు పది పదిహేను రోజుల్లో తీసేస్తారు. ఇక్కడ అలా కుదరదు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి గాయం చాలా మెల్లగా అతుక్కుంటుంది. ఏడాదైనా, అంతకు మించైనా కుట్లు కంట్లోనే ఉండొచ్చు.

[యానిమేషన్: ఒక కుట్టు వదులై పైకి లేస్తుంది.]

ఈలోగా ఏదో ఒక కుట్టు వదులు కావొచ్చు, లేదా తెగొచ్చు. పైకి లేచిన దారం చుట్టూ పుసి చేరుతుంది. రెప్ప పడిన ప్రతిసారీ అది పై పొరను గీరుతుంది. అక్కడి నుంచే బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. ఈ ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి. ఇంత చిన్న దారం వల్ల చూపు పోవడం ఎంత బాధాకరమో చెప్పలేను, ఎందుకంటే ముందే పట్టుకుంటే దాన్ని తీసేయడం నిమిషాల పని. తీశాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు యాంటీబయాటిక్ చుక్కలు వేసుకోవాలి, అక్కడ మళ్లీ చిన్న గాయమే కదా!

మరి వదులైన కుట్టు నొప్పి పెట్టదా? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు కంట్లో నలుసు పడితే ప్రాణం విలవిల్లాడుతుంది, కార్నియాలో నరాల కొసలు అంత ఒత్తుగా ఉంటాయి మరి. మార్పిడి చేసినప్పుడు ఆ నరాలు తెగిపోతాయి. మళ్లీ పెరగడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. కాబట్టి పుండు మొదలైనా మీకు కాస్త గరగరే అనిపించొచ్చు, అసలేమీ అనిపించకపోవచ్చు. పైగా స్పర్శ తగ్గిన కంట్లో నీరు సరిగా ఊరదు, పై పొర త్వరగా మానదు. మానని ప్రతి చోటూ క్రిములకు దారే.

[తెర మీద: చుక్కల మందు సీసా.]

ఇక స్టెరాయిడ్ చుక్కలు. శరీరం దాత పొరను పరాయిదని తిప్పికొట్టకుండా వీటిని నెలల తరబడి వాడతారు. ఆ మందే క్రిములతో కంటి పోరాటాన్నీ తగ్గిస్తుంది, ఎరుపునీ వాపునీ కప్పేస్తుంది. ఒక రకం ఇన్ఫెక్షన్‌లో కన్ను పెద్దగా ఎర్రబడకుండానే పొర లోపల తెల్లని గీతలు చెట్టు కొమ్మల్లా పాకుతాయి. అలాగని భయపడి మీ అంతట మీరు చుక్కలు ఆపేయొద్దు, పొర తిరస్కరణకు గురికావొచ్చు. కన్ను ఎర్రబడిందని అవే చుక్కలు ఎక్కువసార్లు వేసుకోవడమూ వద్దు. ఉన్నది ఇన్ఫెక్షనే అయితే అగ్నికి ఆజ్యం పోసినట్టే.

కొందరికి ముప్పు ఆపరేషన్‌కు ముందు నుంచే ఉంటుంది. హెర్పిస్ వైరస్ వల్ల కార్నియా పాడైనవాళ్లకు అది మళ్లీ నిద్ర లేవొచ్చు. అందుకే వాళ్లకు చాలాకాలం యాంటీవైరల్ మాత్రలు ఇస్తారు. కన్ను పొడిబారడం, రెప్పలు పూర్తిగా మూతపడకపోవడం, వెంట్రుకలు లోపలికి తిరగడం, రెప్ప అంచుల్లో వాపు ఉంటే ముందే వైద్యం చేయించుకోవాలి. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోవాలి. లోపలి పొర మాత్రమే మార్చినవాళ్లకు కుట్లు తక్కువ, ఆ మేరకు కుట్ల బెడదా తక్కువే. దాత పొరతో పాటు ఫంగస్ రావడం అరుదు.

[తెర మీద: ఒక కన్ను మూసి, గోడ క్యాలెండర్ చూస్తున్న మనిషి.]

రోజూ ఒకే చోట నిలబడి, రెండో కన్ను మూసుకుని, ఆపరేషన్ చేసిన కంటితో క్యాలెండర్ అంకెలు చూడండి. తర్వాత అద్దంలో కన్ను చూసుకోండి. నిన్నటికన్నా మసకగా ఉన్నా, ఎరుపు, పుసి, తెల్ల మచ్చ కనిపించినా, వెలుతురు చూడలేకపోతున్నా, నొప్పి లేకపోయినా సరే, సెలవు రోజైనా సరే, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి బయలుదేరండి. వాడుతున్న సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి.