ఇంకొక్క బుక్క ఎవరి కోసం?

(హనుమకొండలో అంగన్‌వాడీ టీచర్లు, తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగం)

టీచరమ్మలకు, ఆయమ్మలకు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకు, వాళ్ల వెంట వచ్చిన నాయినమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

పిల్లలకు ఏం పెట్టాలో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు... ఆ పాఠం ఊరందరికీ చెప్పేది మీరే. ఈరోజు నేను మాట్లాడేది తినిపించడం ఎప్పుడు ఆపాలన్న దాని గురించి, ఆ సంగతి ఎవరు తేల్చాలన్న దాని గురించి.

మన ఇండ్లల్లో మూడేళ్ల పిల్లకు బువ్వ తినిపించే తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు పిల్ల, వెనక గిన్నె పట్టుకుని తల్లి. "ఇది అమ్మ బుక్క, ఇది బాపు బుక్క, ఇది మేనమామ బుక్క." చుట్టాలందరూ అయిపోతారు, గిన్నెలో అన్నం ఇంకా ఉంటుంది. అప్పుడు పక్కింటి కుక్క పేరు మీద కూడా ఒక బుక్క పోతుంది. అదీ కుదరకపోతే బూచోడు. ఈమధ్య బూచోడికి కూడా పని లేకుండా పోయింది, సెల్‌ఫోన్ వచ్చింది కదా. పిల్ల కండ్లు ఫోన్‌లో ఉంటాయి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. గిన్నె ఖాళీ అయిందని మనకు తృప్తి. అందరి పేర్లూ పిలిచాం గానీ, నీ కడుపు ఏమంటుంది బిడ్డా అని మాత్రం అడగలేదు.

గోరుముద్దలు మానేయమని నేను అనను. నేనూ అట్లా తిని పెరిగినదాన్నే. కానీ కడుపు నిండిన సంగతి పిల్లలకు తెలుస్తుంది. పాలు తాగే పసిగుడ్డు కూడా చాలనుకుంటే మొహం తిప్పేసుకుంటుంది. మాటలొచ్చిన తర్వాత ఆ పిల్లకే మనం తిండి లెక్క చెప్పడం మొదలుపెడతాం.

1991లో అమెరికాలో లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు పదిహేను మంది ఏం తిన్నారో, ఎంత తిన్నారో జాగ్రత్తగా లెక్కగట్టారు. పూటపూటకూ చూస్తే తిండిలో హెచ్చుతగ్గులు సగటున 34 శాతం దాకా ఉన్నాయి. రోజు మొత్తం మీద చూస్తే అవి 10 శాతమే. అంటే మధ్యాహ్నం రెండు బుక్కలు తిని లేచిన పిల్లవాడు సాయంత్రం ఆ లోటు తీర్చుకుంటాడు. మనం చూసేది మాత్రం ముందున్న తలెను. తలెలో అన్నం మిగిలిందా, ఇక ఆ పూట ఇంట్లో పంచాయితీ.

2000లో వచ్చిన ఇంకో పరిశోధనలో బర్చ్ కూడా ఉంది. అందులో మూడేళ్ల పిల్లల ముందు ఎంత వడ్డించినా వాళ్లు తిన్నది దాదాపు అంతే. ఐదేళ్ల పిల్లలు మాత్రం ఎక్కువ వడ్డిస్తే ఎక్కువే తిన్నారు. తర్వాత జరిగిన కొన్ని పరిశోధనల్లో వయసును బట్టి ఇంత తేడా కనిపించలేదు. వయసు కన్నా ఇంటి అలవాటే పెద్దదని నా అభిప్రాయం. "తలె తుడిచి తినాలె" అని రోజూ వింటే పిల్లలు కడుపును వదిలేసి తలెను చూడటం నేర్చుకుంటారు. మరి బలవంతం చేస్తే ఎక్కువ తింటారా అంటే అదీ లేదు. చిన్నపిల్లలకు సూప్ ఇచ్చి చేసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. తాగు తాగు అని వెంటపడినప్పటి కన్నా, ఊరుకున్నప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. బాగాలేదని మూతి ముడవడం కూడా తగ్గింది.

ఇక్కడ మీలో కొందరి మనసులో ఏముందో నాకు తెలుసు. "మా పిల్లగాడు ఈనుపుల్ల లెక్క ఉన్నడు మేడం. సాలన్నడని ఊకుంటె ఎట్ల?" న్యాయమైన ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 31.8 శాతం మంది తగినంత బరువు లేరు. అమెరికా వాళ్లు ఈ పరిశోధనలన్నీ ఎక్కువగా పిల్లలు లావవుతున్నారన్న బెంగతో చేశారు. మన బెంగ వేరు. అయినా సన్నగా ఉన్న పిల్లకు నోరు నొక్కి పెట్టే ఐదు బుక్కల తెల్లన్నంతో ఒరిగేది తక్కువ. చిన్న పొట్ట అది, పట్టేదే కొంచెం. ఆ కొంచెంలోనే బలం పెట్టాలి. ఒక చిన్న చెంచా నూనె గానీ నెయ్యి గానీ కలిపితే దాదాపు 45 కేలరీలు వస్తాయి. పల్లీల పొడి కలపండి, పప్పు చిక్కగా వండండి, రోజుకు మూడు పూటలతో పాటు మధ్యలో రెండుసార్లు ఏదైనా పెట్టండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూచోబెట్టాలి అనేవి పెద్దవాళ్ల చేతిలో ఉన్నాయి. ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేయండి.

వదిలేయడమంటే నేర్పకుండా వదిలేయడం అనుకోవద్దు. ఆకలిని గుర్తుపట్టడం కూడా రంగులు, అంకెల లాగే నేర్పొచ్చు. అమెరికాలోనే సుసాన్ జాన్సన్ అనే ఆమె ప్రీస్కూల్ పిల్లలకు ఆరు వారాల పాటు ఇది నేర్పి, 2000లో ఆ ఫలితాలు రాసింది. పొట్టలున్న బొమ్మలతో ఆడించింది. ఈ పొట్ట ఖాళీ, ఇది కొంచెం నిండింది, ఇది బాగా నిండింది అని చూపించింది. చివర్లో చూస్తే, అవసరానికి మించి తినే పిల్లలూ, అవసరమంత తినని పిల్లలూ కూడా తిండిని సరిదిద్దుకున్నారు. పిల్లలు కొద్దిమందే గనక దాన్ని శాసనంగా చెప్పను. కానీ తక్కువ తినేవాళ్లు కూడా మెరుగుపడ్డారన్న మాట మన జిల్లాకు పనికొచ్చే మాట.

ఆ బొమ్మ మీరు సెంటర్‌లోనే కుట్టుకోవచ్చు. దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు చాలు. బొమ్మ పొట్ట మీద ఒక జేబు, ఆ జేబులో పట్టే సంచులు మూడు. ఒకటి ఖాళీ, ఒకటి సగం, ఒకటి నిండా. సంచుల్లో బియ్యం గానీ ఇసుక గానీ పోసి రెండు వరసలు కుట్టండి. చింతగింజలు, పూసలు వద్దు. కుట్టు ఊడిందంటే అవి ముక్కుల్లోకి, నోట్లోకి పోతాయి. బరువు చేతికి తెలియాలి, అందుకే దూది కూడా వద్దంటున్నాను. బొమ్మకు పేరు పిల్లల్నే పెట్టమనండి. బుజ్జమ్మ అనుకుందాం.

పొద్దున వరుసగా కూచోబెట్టి కథ మొదలుపెట్టండి. "బుజ్జమ్మ పొద్దుగాల లేసి ఏం తినకుంటనే వచ్చింది. కడుపు ఏమంటంది?" గుర్ గుర్ అని పిల్లలే అంటారు. సగం సంచి పెట్టి "ఇంక కావాల్నా?" అని అడగండి. నిండు సంచి పెట్టాక ఎవరో ఒకరు "సాలు!" అని అరుస్తారు. ఇంకోరోజు బుజ్జమ్మ పెండ్లికి పోయి, కడుపు నిండినా జిలేబీలు తిని, కడుపునొప్పితో ముడుచుకుని పడుకుంటుంది. ఆ కథ పిల్లలకు తెగ నచ్చుతుంది, మళ్లీ చెప్పమంటారు. తర్వాత అన్నానికి ముందు ఎవరి పొట్ట మీద వాళ్లు చెయ్యి పెట్టుకోవాలి. సగం తిన్నాక ఇంకోసారి. మూడు మాటలు చాలు: "ఆకలైతంది", "ఇంకొంచెం", "సాలు".

మీ ఆకలిని కూడా వాళ్ల ముందు పైకి చెప్పండి. "నాకు చిరాకు లేస్తంది, పొద్దటి నుంచి ఏం తినలే, ఇది ఆకలే" అని టీచర్ అంటే పిల్లకు తన చిరాకు కూడా అర్థమవుతుంది. పిల్లలు ఆకలైనప్పుడు ఆకలని అనరు, పక్కవాణ్ణి కొరుకుతారు. కడుపు నిండినప్పుడు చాలని అనరు, బుక్క బుగ్గన పెట్టుకుని గోడ చూస్తారు. బుగ్గన పెట్టుకున్నవాడికి ఇంకో బుక్క పెట్టొద్దు. ఏడుస్తున్న నోట్లో గుడ్డు ముక్క కుక్కడం మరీ ప్రమాదం, గొంతుకు అడ్డం పడుతుంది.

వడ్డించేటప్పుడు ముందు చిన్న గంటెడు, అడిగితే ఇంకో గంటెడు. నాలుగేళ్లవాళ్లు ఆటకు ఉరకడానికి అబద్ధంగా "సాలు" అంటారు, అది ఖాయం. తిట్టొద్దు. అందరూ తినేదాకా కూచోబెట్టండి. మళ్లీ తిండి తర్వాతి వేళకే అని నెమ్మదిగా చెప్పండి. గుడ్డు తినని పిల్లకు చిన్న ముక్క తలెలో పెట్టి ఊరుకోండి. కొత్త రుచి అలవాటవడానికి పది, పదిహేను సార్లు పట్టొచ్చు. "తింటే చాక్లెట్ ఇస్త" అన్నారంటే చాక్లెట్ మీదే ప్రేమ పెరుగుతుంది.

తల్లులకు రెండు మాటలు. సెంటర్‌కు వచ్చే దారిలో కిరాణం కొట్టు దగ్గర కొనే ఐదు రూపాయల ప్యాకెట్, చాయ్‌లో ముంచిన బిస్కెట్లు... వీటితో పన్నెండింటి ఆకలి పదకొండింటికే చచ్చిపోతుంది. ఇంకొకటి: పడి ఏడిస్తే బిస్కెట్, నిద్రొచ్చి ఏడిస్తే బిస్కెట్, దూపై ఏడిస్తే కూడా బిస్కెట్. అన్నిటికీ మందు అదే అయితే, ఏది ఆకలో పిల్లకు ఎట్లా తెలుస్తుంది? ముందు నీళ్లివ్వండి, ఎత్తుకోండి, అప్పుడు అడగండి. బతుకమ్మ సద్దులనాడు మలీద ముద్దలు రెండు ఎక్కువ తింటే మాత్రం ఈ లెక్కలు తీయకండి. పండుగ పండుగే.

నాయినమ్మలను మార్చడం కష్టమని కోడండ్లు నాతో చాలాసార్లు అన్నారు. నాకట్లా అనిపించదు. బొమ్మ పొట్టలో సంచులు పెట్టే పని నాయినమ్మకే అప్పగించండి. కథ ఆమె మీకన్నా బాగా చెబుతుంది.

ఒక జాగ్రత్త. బుజ్జమ్మ కథలన్నీ విని, ఆటలన్నీ ఆడి కూడా రోజుల తరబడి "ఆకలైతంది" అనని పిల్ల మీ సెంటర్‌లో ఉండొచ్చు. ఆ పిల్లను మొండిది అనుకోకండి. జ్వరం, నులిపురుగులు, నోటిపూత, రక్తహీనత ఏదైనా కారణం కావచ్చు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో ఆకలే చచ్చిపోతుంది. అందుకే అలాంటి పిల్లకు ఇంటి దగ్గరే వైద్యం చాలునా, చేర్పించాలా అని తేల్చే ముందు ఆకలి పరీక్ష చేస్తారు. బరువు తూచండి, మోచేతికి పైన దండచెయ్యికి చుట్టుకొలత టేపు వేయండి. కొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువ వచ్చినా, పాదాల్లో వాపు కనిపించినా వచ్చే నెల మీటింగ్ దాకా ఆగొద్దు. ఆరోజే ఏఎన్ఎంకు, మీ సూపర్‌వైజర్‌కు చెప్పి తల్లితో కలిసి దవాఖానకు తీసుకుపోండి. పోయినప్పుడు డాక్టర్‌కు బరువుతో పాటు, ఆ పిల్ల ఎన్నాళ్ల నుంచి ఆకలి అనడం లేదో కూడా చెప్పండి.